మీ బిడ్డే అనుకోండి

జూన్ రెండో వారంలో చిట్టమూరు మీదుగా పోయే బస్సు ఎక్కితే చాలు, హాస్టళ్లు తెరిచారని తెలిసిపోతుంది. డ్రైవరు పక్కన రేకు పెట్టెలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పెట్టె మూత మీద తెల్లరంగుతో పిల్లాడి పేరు, ఇంటిపేరు, తరగతి. దాంతోపాటు ఒక పళ్లెం, గ్లాసు, బకెట్టు, చుట్టిపెట్టిన దుప్పటి. తల్లి వాడి జేబులో ఇరవయ్యో యాభయ్యో పెట్టి, పోగొట్టుకోవద్దని మళ్లీ మళ్లీ చెబుతుంటుంది. వాడు తలూపుతాడు గానీ చూపు మాత్రం కిటికీలోంచి ఊరివైపే ఉంటుంది.

నాయుడుపేటో గూడూరో నెల్లూరో చేరాక, హాస్టలు గేటు దగ్గర ఒక మాట వినపడుతుంది. చాలామంది తండ్రులు ఇంచుమించు ఒకేలాగా అంటారు ఆ మాట. "అయ్యా, ఇక మీ బిడ్డే అనుకోండి." ఎదురుగా ఉన్నది ఫాదరుగారు కావచ్చు, సిస్టరమ్మ కావచ్చు, పాస్టరుగారు, ఆశ్రమంలో సామి, మదర్సాలో హజరత్, వేదపాఠశాలలో గురువుగారు, ఎవరైనా కావచ్చు. మాట మాత్రం అదే. చెప్పి, చేతులు జోడించి, వెనక్కి తిరిగి చూడకుండా బస్టాండుకు నడుస్తారు. చూస్తే పిల్లాడు ఏడుస్తాడని.

ఆ మాటలో ఎంత నమ్మకం ఉందో ఒక్కసారి ఆగి ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. సంతకం లేదు, రాతకోత లేదు. మనిషి ఎవరో తెలీదు. తెలిసిందల్లా ఆ గోడ మీద ఉన్న దేవుడి పేరు. ఆ పేరు చూసి కడుపున పుట్టిన బిడ్డను అప్పగించి వస్తారు.

ఈ నెల్లూరు తీరంలో ఆ నమ్మకానికి కారణాలు లేకపోలేదు. 2022లో చిట్టమూరు తిరుపతి జిల్లాలోకి వెళ్లిందిగానీ, మనుషుల మాట, బతుకు అన్నీ నెల్లూరు సీమవే. వరి కోతలు అయిపోతే పని ఉండదు. కొందరు ఇటుక బట్టీలకు పోతారు, కొందరు రొయ్యల గుంటల మీద కాపలాకు కుదురుతారు, యానాదుల కుటుంబాలు చేపలూ ఎండ్రకాయలూ పట్టుకుంటూ కాలవల వెంట, పులికాటు అంచుల వెంట తిరుగుతాయి. తల్లీతండ్రీ ఊళ్లో లేని ఇంట్లో పిల్లాడు బడికి పోవాలంటే ఎట్లా? వాడికి వేళకు అన్నం పెట్టి, రాత్రి తలుపేసి పడుకోబెట్టేవాళ్లు ఎవరో ఒకరు కావాలి. ఆ ఎవరో ఒకరు, చాలా కాలం పాటు, దేవుడి పేరు మీద పనిచేసేవాళ్లే అయ్యారు.

నెల్లూరుకు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ సామ్యూల్ డే 1840లోనే వచ్చాడు. జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ మిషను తరఫున ఆగస్ట్ మైలియస్ 1865లో సూళ్లూరుపేటలో పని మొదలుపెట్టాడు. 1928లో నెల్లూరు కేథలిక్ మేత్రాసనం, అంటే ఒక బిషప్పు కింద ఉండే చర్చి ప్రాంతం, ఏర్పడింది. వీళ్ల వెనకే బడులు, బోర్డింగులు, ఆసుపత్రులు వచ్చాయి. అటుపక్క మఠాలు, ఆశ్రమాలు కూడా తమకు చేతనైనంత చేశాయి. ఈ ప్రాంతంలో ఒక తరం నర్సులను, టీచర్లను, రైల్వే గుమాస్తాలను అడిగి చూడండి. మా హాస్టల్లో పెట్టిన గోధుమ రవ్వ ఉప్మా, మా సిస్టరమ్మ నేర్పిన పాట, మా ఫాదరు కొనిచ్చిన బూట్లు అంటూ చెప్పుకుపోతారు. చెబుతుంటే వాళ్ల కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ కృతజ్ఞత నిజం. దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు.

ఇప్పుడు చెప్పబోయే మాట బరువైనది, అందుకే ఇంత చుట్టు తిరిగి వచ్చాను. ఆ గోడల లోపల కొందరు పిల్లలకు కీడు జరిగింది. అన్ని మతాల్లో, అన్ని దేశాల్లో జరిగింది. అన్నం పెట్టిన చెయ్యే, ఆశీర్వదించిన చెయ్యే, కొన్నిసార్లు తాకకూడని చోట తాకింది.

పెద్దవాళ్లకు మనిషి వేరు, దేవుడు వేరు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ తేడా తెలీదు. ఇంట్లో అమ్మానాన్నలే ఆ ఫాదరుకో సామికో దండం పెడుతుంటే, ఆయన చేసింది తప్పని ఆ పిల్ల ఎట్లా అనుకుంటుంది? తప్పు తనలోనే ఉందనుకుంటుంది. చెబితే దేవుడు కోప్పడతాడనుకుంటుంది. చెబితే హాస్టలు నుంచి పంపించేస్తారు, నాన్న మళ్లీ అప్పు చేయాలి అని కూడా ఆలోచిస్తుంది. పేదింటి పిల్లలకు ఆ లెక్కలన్నీ చాలా చిన్నప్పుడే వచ్చేస్తాయి.

అందుకే ఆ పిల్లలు నోటితో చెప్పరు. కడుపునొప్పి అంటారు. సంక్రాంతి సెలవులయ్యాక వెళ్లనని మారాం చేస్తారు. పక్క తడుపుతారు. బాగా చదివే పిల్లాడు ఉన్నట్టుండి వెనకబడతాడు. "ఇంటి మీద బెంగ, రెండు రోజులు పోతే అదే సర్దుకుంటుంది" అని మనం నచ్చజెప్పి మళ్లీ బస్సెక్కిస్తాం. ఆ మాట అన్న ఏ తల్లినీ నేను తప్పుపట్టలేను. చాలాసార్లు అది నిజంగా బెంగే అయి ఉంటుంది కూడా.

2023 జూన్‌లో విశాఖపట్నం వెంకోజీపాలెంలోని ఒక ఆశ్రమం నుంచి పదిహేనేళ్ల పిల్ల తప్పించుకుని రైలెక్కింది. తల్లిదండ్రులు లేని పిల్ల. చదువుకుంటుందని బంధువులు ఆశ్రమంలో చేర్చారు. రైల్లో పరిచయమైన ఒకావిడ ఆ పిల్ల వాలకం చూసి, ఏమ్మా అని పలకరించింది. అప్పుడు బయటికి వచ్చింది గోడు. విజయవాడలో పోలీసులకు ఫిర్యాదు అందింది, ఆశ్రమ నిర్వాహకుడైన స్వామిని, పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కింద అరెస్టు చేశారు. ఆయన మీద ఆరోపణల్లో నిజమెంతో తేల్చాల్సింది న్యాయస్థానమే. నా మనసు మాత్రం ఆ రైలు ప్రయాణం దగ్గరే ఆగిపోతుంది. ఆశ్రమానికి ఎంతమంది భక్తులు వచ్చిపోయి ఉంటారు! ఆ పిల్ల తన బాధ చెప్పుకోవడానికి, ముక్కూమొహం తెలియని ఒక ప్రయాణికురాలే దొరికింది.

ఇలాంటివి బయటపడినప్పుడు సంస్థల పెద్దలు అనే మాటలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. "అతను చేసిన పాపం అతనిది. మా సంస్థకు ఏం సంబంధం?" "అతన్ని ఎప్పుడో పంపించేశాం." "నూరేళ్ల సంస్థ, దాని పేరు పాడుచేయకండి." అలా అనేవాళ్లందరూ చెడ్డవాళ్లు కారు. చాలామంది ఆ సంస్థకే జీవితం ధారపోసినవాళ్లు. వాళ్లకు నిజంగానే సిగ్గుగా, దిగులుగా ఉంటుంది. ఆ దిగుల్లో ముందు సంస్థను కాపాడుకోవాలనిపిస్తుంది. పిల్ల సంగతి రెండో ఆలోచన అవుతుంది.

మన పల్లెల్లో ఒక పాత పద్ధతి ఉండేది. ఒకరి గేదె తాడు తెంచుకుని పక్కవాళ్ల చేలో పడి మేస్తే, దాన్ని బందెలదొడ్డికి తోలేవాళ్లు. యజమాని వచ్చి జరిమానా కట్టి విడిపించుకునేవాడు. నేను మేయమని చెప్పానా అని అతను అడిగేవాడు కాదు. గేదె నాది, పాలు పిండుకునేది నేను, నష్టమూ నేనే కట్టుకోవాలి అని అతనికి తెలుసు. మనిషి ఘోరానికి ఈ పోలిక చాలదు, నాకూ తెలుసు. అయినా దావాలు విని, వందల పేజీల తీర్పులు రాసి ప్రపంచంలోని పెద్ద కోర్టులు వెతుక్కున్న న్యాయం మూలంలో ఉన్నది ఇదే.

కెనడాలో 1999లో ఒక తీర్పు వచ్చింది. మతసంస్థ కాదు, చిల్డ్రన్స్ ఫౌండేషన్ అనే సేవాసంస్థ. మనసు దెబ్బతిన్న పిల్లలను చేరదీసి ఇళ్లలో పెట్టి చూసుకునేది. అక్కడ కర్రీ అనే ఉద్యోగి పిల్లలకు స్నానం చేయించడం, రాత్రిళ్లు పడుకోబెట్టడం లాంటి పనులు చేసేవాడు. ఆ పనుల చాటునే పిల్లలను పాడుచేశాడు. సంస్థ అతన్ని చేర్చుకునే ముందు విచారించింది, మంచివాడేనని చెప్పారు. విషయం తెలియగానే తీసేసింది కూడా. అంటే సంస్థ కావాలని చేసిన తప్పేమీ లేదు. అయినా సుప్రీంకోర్టు సంస్థే బాధ్యత వహించాలంది. అమ్మానాన్నలు చేయాల్సిన పనులను అతని చేతిలో పెట్టింది మీరే, ఆ పనిలోంచే ఈ ప్రమాదం పుట్టింది, అందుకని నష్టం మోయాల్సిందీ మీరే అన్నది ఆ తీర్పు సారాంశం.

ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి బెవర్లీ మెక్‌లాక్లిన్ తర్వాత కెనడా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 2004లో మరో కేసు ఆమె ముందుకు వచ్చింది. ఇది చదువుతున్నప్పుడు నాకు అడుగడుగునా మన తీరమే గుర్తొచ్చింది.

న్యూఫౌండ్‌లాండ్ కెనడాకు తూర్పు కొసన ఉన్న దీవి. అక్కడ సెయింట్ జార్జెస్ కేథలిక్ మేత్రాసనం. సముద్రం ఒడ్డున విసిరేసినట్టుండే చిన్నచిన్న బెస్త పల్లెలు. ఒక పల్లెకు ఇంకో పల్లె దూరం. పెద్ద ఆఫీసులు లేవు, పెద్ద మనుషులు లేరు. ఊరికి ఉన్న ఒకే పెద్దదిక్కు ఫాదరుగారు. చదువు గురించి అడగాలన్నా, ఇంటి గొడవ తీర్చాలన్నా, మంచి మాట కావాలన్నా ఆయనే. కెవిన్ బెన్నెట్ అనే ఫాదరు అక్కడి పల్లెల్లో దాదాపు రెండు దశాబ్దాల పాటు మగపిల్లలను చెరిచాడు. 1979లోనే ఒకరు ధైర్యం చేసి పైవారికి చెప్పారు. అతని పరిచర్య మాత్రం ఆగలేదు.

చివరికి 36 మంది, అప్పటికి పెద్దవాళ్లయిన పిల్లలు, కోర్టుకెక్కారు. సుప్రీంకోర్టు ఆ పల్లెల ఏకాంతాన్ని, ఆ జనం భక్తిని, ఫాదరు మాటకు అక్కడున్న బలాన్ని అన్నింటినీ లెక్కలోకి తీసుకుంది. ఆ బలం అతనికి సొంతంగా వచ్చింది కాదు, బిషప్పు స్థానం అతనికి ఇచ్చింది. కాబట్టి ఆ స్థానమే బాధ్యత వహించాలని తేల్చింది. ఆ తర్వాత 2005లో మేత్రాసనం బాధితులకు సుమారు 1.3 కోట్ల కెనడా డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అంత డబ్బు దాని దగ్గర లేదు. స్థలాలు, భవనాలు అమ్మకానికి పెట్టింది.

ఈ భాగం నన్ను చాలా రోజులు కుదిపింది. ఎందుకంటే ఆ ఆస్తులు బిషప్పు సంపాదించినవి కావు. బెస్తవాళ్లు వేట మీద వచ్చిన దాంట్లోంచి పైసా పైసా దాచి కట్టుకున్నవి. దూలం మోసింది వాళ్లే, మేకు కొట్టింది వాళ్లే. పైగా 1992లో కాడ్ చేపలు తగ్గిపోయాయని అక్కడి ప్రభుత్వం వేట ఆపేయడంతో వేలమంది బతుకుతెరువు పోయింది. అలా చితికిపోయిన జనం, తాము పెళ్లి చేసుకున్న చోటు, తమ పిల్లలకు బాప్తిస్మం ఇప్పించుకున్న చోటు అమ్మకానికి రావడం చూశారు. ఏ పాపం చేయని ఒక ముసలావిడ కానుక, ఎవరో చేసిన పాపానికి పరిహారంగా పోవడం న్యాయమేనా?

మన దగ్గర హుండీలో వేసిన ముడుపు, చందా పెట్టెలో వేసిన పదిరూపాయలు, దర్గాలో వేసిన చిల్లర, ఇవన్నీ గుర్తొస్తాయి. మల్లాం సుబ్రహ్మణ్యస్వామికి ముడుపు కట్టిన తల్లి, ఆ డబ్బు ఎక్కడికి పోవాలనుకుంటుంది? దీపానికి, నైవేద్యానికి, పండగకి. కోర్టు చెల్లింపుకని ఎవరూ ముడుపు కట్టరు.

చాలా ఆలోచించాక నాకు ఒకటి తోచింది. దెబ్బతిన్న ఆ 36 మంది పిల్లలు బయటివాళ్లు కాదు. వాళ్లూ ఆ బెస్తవాళ్ల పిల్లలే. ఆ ముసలావిడ మనవళ్లే కావచ్చు. ఆమె వేసిన కానుక తిరిగి ఆమె ఊరి పిల్లాడి వైద్యానికి, ఆగిపోయిన చదువుకి, పాడైపోయిన నిద్రకి అందితే, ఆమె ఒప్పుకోదా? నా మటుకు నేను ఒప్పుకుంటుందనే నమ్ముతున్నాను. దేవుడు కూడా కాదనడు. గుడి మళ్లీ కట్టుకోవచ్చు. ఊరంతా ఒక పాకలో కూర్చుని కూడా పాడుకోవచ్చు.

అన్ని చోట్లా న్యాయం ఇలా దారికి రాలేదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో జాన్ ఎలిస్ అనే ఆయన, చిన్నప్పుడు చర్చిలో పూజకు సాయం చేసే పిల్లాడిగా ఉన్న రోజుల్లో తనకు జరిగిన దాని మీద దావా వేశాడు. 2007లో కోర్టు కొట్టేసింది. ఆస్తి ఉన్న ట్రస్టుకు ఫాదరుతో సంబంధం లేదంది, ఫాదరుతో సంబంధం ఉన్న చర్చి చట్టం దృష్టిలో దావా వేయదగిన వ్యక్తే కాదంది. ఎవరి మీద వేయాలో తెలీక ఆయన నిలబడిపోయాడు. పదేళ్లు దాటాక, 2018లో ఆ రాష్ట్రం చట్టం మార్చి ఆ అడ్డు తీసేసింది. 2024 నవంబరులో మళ్లీ ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం ఇంకో కేసులో, ఫాదరు ఉద్యోగి కాడు కాబట్టి అతను చేసినదానికి మేత్రాసనం జవాబుదారీ కాదని చెప్పింది. చదువుకున్న న్యాయమూర్తులు కూడా ఇంకా ఈ ముడి విప్పుతూనే ఉన్నారు.

మన ఇంటి సంగతికి వద్దాం. 2012 నవంబరు 14న, నెహ్రూ పుట్టినరోజున, పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. బడిలోగానీ మతసంస్థలోగానీ పనిచేసేవాళ్లు ఇలాంటి నేరం చేస్తే దాన్ని మరింత తీవ్రమైనదిగా చూడాలని అందులో రాశారు. తెలిసి చెప్పకపోవడం కూడా నేరమే. తన కింద పనిచేసేవాడి సంగతి దాచిపెట్టిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు పడవచ్చు. పిల్లకు పరిహారం ఇప్పించమని ప్రత్యేక న్యాయస్థానం ఆదేశించవచ్చు.

ఆ పరిహారం ప్రభుత్వ నిధి నుంచి వస్తుంది. అది మంచిదే, పిల్లకు త్వరగా అందే వీలుంటుంది. కానీ ఒకటి గమనించండి. శిక్ష పడేది ఆ మనిషికి. డబ్బు ఇచ్చేది సర్కారు. "మీ బిడ్డే అనుకోండి" అని తండ్రి ఎవరికి అప్పగించి వచ్చాడో ఆ సంస్థ మాత్రం ఆ లెక్కలో ఎక్కడా కనపడదు. దాని మీద విడిగా సివిల్ దావా వేసుకునే వీలు లేదని కాదు. చిట్టమూరు పక్కన పల్లెలో కూలికి పోయే మనిషి కోర్టు ఫీజు కట్టి, ప్లీడరును పెట్టుకుని, తన పిల్లలకు అన్నం పెట్టిన సంస్థ మీద, తన కులం వాళ్లంతా ఆదివారం వెళ్లే చోటి మీద, లేదా ఊరంతా మొక్కే సామి మీద దావా వేస్తాడా? ఏళ్ల తరబడి వాయిదాలకు తిరుగుతాడా? ఆ మాట ఇంట్లో అనడానికే అతనికి నోరు రాదు.

ఇంకో రకం సంగతి కూడా ఉంది. చిత్తూరు వైపు, నెల్లూరుకు దక్షిణాన, ఆడపిల్లకు జబ్బు చేస్తే మాతమ్మ అమ్మవారికి ఇచ్చేస్తామని మొక్కుకునే ఆచారం దళిత వాడల్లో ఉండేది, కొన్నిచోట్ల ఇంకా ఉంది. బిడ్డ బతకాలన్న ఆరాటంతోనే ఆ తల్లి మొక్కుకుంది. ఆసుపత్రి దూరం, అమ్మవారు దగ్గర. కానీ ఆ పిల్ల పెద్దయ్యాక పెళ్లి లేకుండా, అండ లేకుండా మిగిలిపోయింది. 1988లో మన రాష్ట్రం ఇలాంటి అంకితాలను నిషేధించింది. 2017లో జాతీయ మానవహక్కుల కమిషన్ కూడా ఈ విషయంలో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది. అక్కడ ట్రస్టు లేదు, బిషప్పు లేడు, రిజిస్టరు లేదు. ఒక రాయి, ఒక వేపచెట్టు, ఊరి ఆనవాయితీ. ఆ పిల్ల ఎవరిని అడగాలి? ఊరంతా కలిసి చేసిన దానికి ఊరంతా కలిసే జవాబు చెప్పాలేమో. ఇంతకు మించి నాకు తోచడం లేదు.

మనవాళ్లు బయటి దేశాలకు వెళ్లి ఏదైనా సాధిస్తే "మనవాడే" అని పొంగిపోతాం. అది సహజం. తెలుగు పల్లెల నుంచి వెళ్లిన ఫాదర్లు ఇవాళ అమెరికాలో చాలా చోట్ల చర్చి విచారణలు (పారిష్‌లు) చూసుకుంటున్నారు. ఒకరు ఫాదరయ్యే గురుపట్టాభిషేకం నాడు ఊరంతా భోజనాలు పెట్టుకుంటారు, అక్కడి నుంచి ఆయన పంపిన డబ్బుతో ఊళ్లో గుడికి రంగులు వేస్తారు. మంచి మనుషులు చాలామంది ఉన్నారు వాళ్లలో.

2018లో సౌత్ డకోటాలోని ర్యాపిడ్ సిటీలో, హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక ఫాదరు పదమూడేళ్ల పిల్లతో తప్పుగా ప్రవర్తించి అరెస్టయ్యాడు. మరుసటి ఏడాది నేరం ఒప్పుకున్నాడు. ఆరేళ్ల శిక్ష పడింది. ఇక్కడి పత్రికల్లో చిన్న వార్తగా వచ్చిపోయింది. అప్పుడు మనలో ఎవరూ "మనవాడే" అనుకున్నట్టు లేదు. అనుకోవడం కష్టమే. అక్కడెక్కడో మంచు కురిసే ఊళ్లో ఆ పిల్ల తల్లి, తెలుగు నేల పేరు జీవితంలో మొదటిసారి ఎలా విని ఉంటుందో తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

బాధ్యత అంటే నాకు అర్థమైంది ఈ ఒక్క మాటే. మంచి చేసినప్పుడు మావాడే అన్నవాళ్లు, చెడు చేసినప్పుడు కూడా మావాడే అనగలగడం. కోర్టులు దాన్ని డబ్బుల్లో కొలుస్తాయి, వాటికి తెలిసిన కొలమానం అదే కాబట్టి. కోర్టుకు వెళ్లిన చాలామంది మాటలు చదివితే, వాళ్లు అడిగింది డబ్బు ఒక్కటే కాదని తెలుస్తుంది. నువ్వు చెప్పింది నిజమేనని ఒకరు నమ్మాలి. తప్పు నీది కాదని ఒకరు నోటితో చెప్పాలి. చెప్పాల్సిన స్థానంలో ఉన్నవాళ్లే చెప్పాలి.

మన న్యాయశాస్త్రంలో ఒక సంగతి ఉంది, చాలామంది భక్తులకు తెలీదు. గుళ్లో దేవుణ్ని మన కోర్టులు ఎప్పటికీ మైనరుగానే చూస్తాయి. ఆయన పేర ఆస్తి ఉంటుంది, కానీ తన ఆస్తిని తాను చూసుకోలేడు కాబట్టి ఎవరో ఒక సంరక్షకుడు ఉండాలి. ఆ సంరక్షకుడే దేవుడి మాన్యం అమ్ముకుంటుంటే? అప్పుడు మామూలు భక్తుడు కూడా దేవుడి పక్షాన దావా వేయవచ్చని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉత్తరప్రదేశ్‌లో ఠాకూర్ రాధావల్లభుడి ఆస్తి విషయంలో వచ్చిన తీర్పు అది. కాపాడాల్సినవాడే కాజేస్తుంటే, నోరులేని దేవుడి తరఫున నోరున్నవాడు ఎవడైనా నిలబడవచ్చని దాని అర్థం.

ఎకరం మాన్యం కోసం దేవుణ్ని పసివాడిగా చూసుకుని ఇంత దయగా ఆలోచించిన మనం, ఆయన గడప లోపల పడుకున్న నిజమైన పసివాడి కోసం కూడా అంతే దయగా ఆలోచించగలమని నాకు గట్టి నమ్మకం. రైల్లో ఆ పిల్లను పలకరించినావిడ అలాంటి మనిషే. ఆమెకు ఏ హోదా లేదు, ఏ సంస్థా పంపలేదు.

ఇక గడువు సంగతి. మైనరు వేయాల్సిన దావాకు పద్దెనిమిది నిండేదాకా గడువు లెక్క మొదలవదు. ఆ తర్వాత చట్టం ఆగేది గరిష్ఠంగా మూడేళ్లు. నేరం కేసుకు మాత్రం పోక్సోలో అలాంటి కాలపరిమితి లేదని 2018లో కేంద్రం చెప్పింది. ఆస్ట్రేలియాలో సంస్థల్లో పిల్లలపై జరిగిన లైంగిక నేరాలను విచారించి 2017లో పని ముగించిన రాయల్ కమిషన్ తన ముందుకు వచ్చిన వేలమందితో మాట్లాడి చూస్తే, చిన్నప్పుడు జరిగినదాన్ని నోరు తెరిచి చెప్పడానికి వాళ్లకు సగటున దాదాపు 24 ఏళ్లు పట్టింది. మగవాళ్లకైతే ఇంకా ఎక్కువ.

అంటే మన మధ్యే, ఈ చిట్టమూరు, కోట, వాకాడు ఊళ్లలోనే, ముప్పై అయిదో నలభయ్యో వచ్చిన ఒక మనిషి ఉండవచ్చు. తన కొడుకును హాస్టల్లో వేయనని పట్టుబట్టి ఉంటాడు. ఎందుకని భార్య అడిగితే చెప్పడు. అత్తమామలు మొండివాడంటారు. దావా గడువు ఎప్పుడో దాటిపోయింది, అసలు అలాంటి గడువు ఒకటి ఉందనే అతనికి తెలీదు. ఆ హాస్టలును ఇప్పుడు నడుపుతున్న ఫాదరుగారో సామిగారో, ఏ తప్పూ చేయని మంచి మనిషి, ఎవరి ద్వారానో సంగతి తెలిసి ఒకరోజు అతని ఇంటికి వెళ్లాలని నా కోరిక. ప్లీడరు నోటీసు రాకముందే వెళ్లాలి. వెళ్లి, "అతను మావాడే నాయనా, నిన్ను మా చేతుల్లోనే పెట్టారు, మేం కాపాడలేకపోయాం, నీకు ఏం కావాలో చెప్పు" అని అడగాలి. అతను ఏం చెప్పినా, కోపంతో చెప్పినా, కూర్చుని వినాలి.